తాళం తీసిన బీరువా: ఊరి గ్రంథాలయంలో పిల్లల విభాగం నడపడం ఎలా

కడప జిల్లాలో నేను చూసిన చాలా శాఖా గ్రంథాలయాల్లో పిల్లల పుస్తకాలు ఉన్నాయి. ఎక్కడున్నాయంటే, గాజు తలుపుల ఇనుప బీరువాలో, తాళం వెనక. తాళంచెవి టేబుల్ సొరుగులో ఉంటుంది. పిల్లోడు వచ్చి అడగాలి, లైబ్రేరియన్ లేచి తాళం తీయాలి, "ఏ పుస్తకం కావాలి?" అని అడగాలి. వాడికేం తెలుసు? గాజులోంచి కనిపించేది అట్టల వెన్ను మాత్రమే. "ఏం లే సార్" అని వెళ్లిపోతాడు. మళ్లీ రాడు.

నేను ఉద్యోగినిని కాదు. ప్రొద్దుటూరు పక్కన మా ఊరి శాఖా గ్రంథాలయంలో కొన్నేళ్లుగా సాయంత్రాలు పిల్లల మూల చూసుకుంటున్నాను. పుస్తకాలు పోతాయి, చిరుగుతాయి, బొమ్మలకు మీసాలు గీస్తారు అని మొదట్లో నాకూ భయమే. పోయాయి, చిరిగాయి, మీసాలూ మొలిచాయి. అయినా తాళం మళ్లీ వేయలేదు. లైబ్రేరియన్లకు, బడిలో లైబ్రరీ బాధ్యత నెత్తిన పడిన టీచర్లకు, నాలాంటి స్వచ్ఛంద సేవకులకు పనికొస్తుందని ఆ పద్ధతంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: వారం రోజులు ఊరికే చూడండి

పుస్తకాలు కొనకముందు, బొమ్మల చార్టులు అంటించకముందు ఒక వారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా గదిలో కూర్చోండి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో రాసుకోండి. పేపర్లు చదివే పెద్దవాళ్లు ఫ్యాను కింద. కానిస్టేబుల్‌కి, గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివేవాళ్లు గోడ పక్కన, ఛార్జింగ్ ప్లగ్గు ఉన్నచోట. పిల్లలకు మిగిలేది గుమ్మం.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. వాళ్ల టెన్షన్ వాళ్లది. నిశ్శబ్దం వాళ్ల హక్కు, చప్పుడు పిల్లల హక్కు. రెండూ ఒకే గదిలో ఇమడాలంటే గంటలు పంచుకోవాల్సిందే. మేం అయిదు నుంచి ఆరు దాకా పిల్లల గంట అని బోర్డు రాసి పెట్టాం, వరండా ఉంది కాబట్టి కథలన్నీ అక్కడికి మార్చాం. ఆదివారం మంచి రోజు. మా గ్రంథాలయానికి సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటుంది, బడి ఉండదు. డీఎస్సీకి చదువుతున్న ఒకతన్ని "నాయనా, రేప్పొద్దున టీచరువి అవుతావు కదా, వారానికొక కథ చదివి పెట్టు" అన్నాను. మొహమాటానికి ఒప్పుకున్నాడు. తర్వాత పిల్లలు అతన్ని వదల్లేదు.

బుల్లి కుర్చీలు, రంగుల టేబుళ్లు అక్కర్లేదు. ఒక జంపఖానా చాలు. అర ఎత్తు మూడు అడుగులు దాటకూడదు, ఆరేళ్ల పిల్ల చెయ్యి చాచితే పై వరుస అందాలి. పండ్ల మండీలో పాత చెక్క పెట్టెలు దొరికితే మేకులు పీకేసి, గరుకు కాగితంతో రుద్ది, అడ్డంగా పేర్చండి. అంతకన్నా ముఖ్యం, కనీసం ఇరవై పుస్తకాల అట్ట ముఖం కనిపించాలి. గోడకు రెండు మేకులు కొట్టి నైలాన్ తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీస్తే సరి. పిల్లలు పేరు చదివి పుస్తకం ఎంచుకోరు, బొమ్మ చూసి ఎంచుకుంటారు. తాడు మీది పుస్తకాలను వారానికోసారి మార్చండి. అరలో నెలల తరబడి కదలని పుస్తకం తాడెక్కిన సాయంత్రమే ఇంటికి వెళ్లడం ఎన్నోసార్లు చూశాను.

రెండో అడుగు: తీసేయడం, తర్వాత తేవడం

విరాళంగా వచ్చిన పుస్తకాల మూటలో ముప్పాతిక వంతు పాత గైడ్లు, సిలబస్ మారిపోయిన పాఠ్యపుస్తకాలు, ఎవరో పెళ్లికి పంచిన స్తోత్రాలు. ఇవన్నీ పిల్లల అరలో ఉంటే అర నిండుగానే కనిపిస్తుంది, చదవడానికి మాత్రం ఏమీ ఉండదు. మొహమాటపడకుండా పక్కకు తీయండి. యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే గ్రంథాలయానికి చేరిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించే చిట్టాలో, నంబరు ఉన్నవాటిని మాత్రం సొంతంగా పారేయకూడదు, తీసివేతకు జిల్లా గ్రంథాలయ సంస్థ అనుమతి కావాలి. అప్పటిదాకా వేరే పెట్టెలో పెట్టండి.

ఏరి తెచ్చిన నూట యాభై పుస్తకాలతో మొదలుపెట్టవచ్చు. "మంచి పుస్తకం" అనే సంస్థ ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం, ప్రథమ్ బుక్స్, ఈ మూడింటి జాబితాలు ముందు తెప్పించుకోండి. ధరలు అందుబాటులోనే ఉంటాయి. డబ్బు అసలు లేకపోతే ప్రథమ్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది. అందులో తెలుగు కథల్ని నాలుగు స్థాయిలుగా విడదీసి పెట్టారు. ఓపెన్ లైసెన్సు కాబట్టి దించుకుని ప్రింటు తీసుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు. రంగుల ప్రింటు ఖర్చనిపిస్తే అట్ట ఒక్కటీ రంగులో, లోపలి పేజీలు నలుపు తెలుపులో తీయండి. ఆ నలుపు తెలుపు పేజీలకు పిల్లలు రంగులేస్తే అది వాళ్ల ప్రతి అయిపోతుంది.

మన సీమలోనే పుట్టిన సరుకు ఒకటుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల ప్రకృతిబడి నుంచి వచ్చిన కొత్తపల్లి పత్రిక. పిల్లల రాతలు, పిల్లల బొమ్మలు, సీమ మాట. పాత సంచికలు నెట్‌లో దొరుకుతాయి. పల్లె పిల్లలు దాంట్లో తమ మాట చూసి నవ్వుతారు. ఎగతాళి నవ్వు కాదు, "ఇట్ల గూడ పుస్తకంలో రాస్తారా?" అనే నవ్వు. 1947లో చందమామను మొదలుపెట్టిన ఇద్దరిలో నాగిరెడ్డిది కడప జిల్లానే. తాతయ్యల ఇళ్లలో అటకల మీద పాత చందమామల బైండ్లు ఇంకా ఉన్నాయి, అడగండి. అమ్మరు గానీ చదువుకోవడానికి ఇస్తారు.

కడప, ప్రొద్దుటూరు, రాయచోటి లాంటి ఊళ్లలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలు ఎందరో. ఉర్దూ బొమ్మల పుస్తకాలు కనీసం పదైనా లేని పిల్లల విభాగం సగం ఊరికే తలుపు తీసినట్టు. స్టోరీవీవర్‌లో ఉర్దూ కూడా ఉంది. ఒకే కథ తెలుగులో, ఉర్దూలో ప్రింటు తీసి పక్కపక్కన వేలాడదీయండి.

వయసును బట్టి పుస్తకాలు పంచకండి. అయిదో తరగతి పిల్లాడు రెండో తరగతి పుస్తకం చదవగలిగితే వాడికి అదే పుస్తకం, సిగ్గుపెట్టొద్దు. ఏ పుస్తకం సరిపోతుందో వాళ్లే తేల్చుకునే చిట్కా ఒకటుంది. ఒక పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయిపోయేలోపు పిడికిలి బిగుసుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం, ఎవరితోనన్నా చదివించుకోవాలి. ఈ వేళ్ల లెక్క పిల్లలకు ఆటగా పట్టుబడుతుంది.

మూడో అడుగు: వర్గీకరణ, అరువు

పెద్దల విభాగంలో డ్యూయీ దశాంశాలు, అంటే పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో సర్దే పద్ధతి, ఉండనివ్వండి. జానపద కథలు 398.2 అని మీకు తెలిస్తే చాలు, ఏడేళ్ల పిల్లకు తెలియనక్కర్లేదు. అట్ట వెన్ను కింద రంగు చుక్క అంటించండి. మా దగ్గర జంతువులకు ఆకుపచ్చ, నవ్వించే కథలకు పసుపు, భయపెట్టేవాటికి నలుపు, సైన్సుకు నీలం, నిజంగా జరిగినవాటికి ఎరుపు. నలుపు చుక్క పిల్లలు అడిగి పెట్టించుకున్నది. అందరికంటే ముందు ఖాళీ అయ్యే అర కూడా అదే. సర్దే పని కూడా రంగుల వల్ల పిల్లలే చేస్తారు.

ఇంటికి ఇవ్వడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. సభ్యత్వానికి డిపాజిట్టు, ఫారం, సంతకం అనగానే కూలికి పోయే తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతారు. రిజిస్టర్‌లో ఉన్న ప్రభుత్వ పుస్తకాలకు ఆ నిబంధన తప్పదు. అందుకే మేం విరాళం పుస్తకాలు, ప్రింటు తీసినవి కలిపి విడిగా ఒక "నమ్మకం పెట్టె" పెట్టాం. ఒక పొడుగు నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్సిలు. పిల్లలే తమ పేరు, పుస్తకం పేరు, తేదీ రాసుకుని తీసుకెళ్లాలి. తెచ్చాక వాళ్లే కొట్టేయాలి. రాయడం రాని చిన్నవాళ్లు బొటనవేలంత బొమ్మ గీస్తారు, ఒక పాప ఎప్పుడూ చేప గీస్తుంది.

ఆలస్యానికి జరిమానా వద్దు. రెండు రూపాయల జరిమానా కట్టలేక పుస్తకంతో పాటు పిల్ల కూడా మాయమవుతుంది. పుస్తకం పోతే "ఇంట్లో చెప్పి కొనివ్వు" అనకండి, ఒక సాయంత్రం అరలు సర్దమనండి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన అయిదు సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు వాడుకోవడానికి అని. మిగతా నాలుగూ మరిచిపోయినా ఫర్వాలేదు, అదొక్కటి బీరువా మీద అంటించుకోండి.

తల్లిదండ్రుల మాట కూడా వినాల్సి వస్తుంది. "మేడమ్, మావోడు బళ్లో పుస్తకాలే సరిగా చదవడు, ఇంగ ఈ కథల పుస్తకాలెందుకు?" అని ఒక నాయన నిలదీశాడు. వాదించలేదు. "ఒక్క కథ మీకు చదివి వినిపిస్తాడు, విని పోండి" అన్నాను. కొడుకు తడబడుతూ నాలుగు పేజీలు చదివాడు. ఆయన ఏమీ అనలేదు, పోతూ పోతూ ఇంకో పుస్తకం చేతికిప్పించుకుని పోయాడు. ఒక సంగతి వాళ్లకు చెప్పండి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అంటే ఇక్కడి పుస్తకాలు వాళ్ల డబ్బుతో కొన్నవే, ఎవరూ దానంగా ఇవ్వడం లేదు.

నాలుగో అడుగు: కథ చదవడం

ఇరవై నిమిషాలు చాలు. పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకోకండి, చెవి పక్కన పిల్లల వైపు తిప్పి పట్టుకోండి. అందుకోసం ముందురోజే రెండుసార్లు చదివి ఉండాలి, లేకపోతే మెడ నొప్పి. పేజీ తిప్పేముందు ఆగండి. ఏమవుతుందని అడగకండి, ఊరికే ఆగితే చాలు, వాళ్లే చెప్తారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవండి, మధ్యలో మాటలు మాత్రం మన యాసలో కలపండి. "యాడికి పోతాండావు?" అని నక్క అడిగితే ఆ నక్క మన ఊరిదైపోతుంది.

అయ్యాక "దీనివల్ల మనకు తెలిసిన నీతి ఏమిటి?" అని దయచేసి అడగొద్దు. ఆ ప్రశ్న వింటే పిల్లల మొహాలు బళ్లో ఉన్నట్టు మారిపోతాయి.

అయిదో అడుగు: చేతిపనులు

వేసవి విజ్ఞాన శిబిరాల్లో చేతిపని అంటే ఎక్కువచోట్ల థర్మోకోల్ ముక్కలు, మెరుపు కాగితం, పూలకుండీ. ఇంటికి పట్టుకెళ్లిన మూడో రోజుకు చెత్తబుట్టలో. నా నియమం ఒకటే, పని పుస్తకంతో మొదలవ్వాలి, మళ్లీ పుస్తకం దగ్గరికే రావాలి. అది కుదరకపోతే ఆ రోజు ఊరికే చదువుకోమనండి, అదే నయం. బాగా కుదిరినవి రెండు చెప్తాను.

మొదటిది నూనె కాగితం తోలుబొమ్మ. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును పలచగా గీకి, రంగులు వేసి, రంధ్రాలు పొడిచి బొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు మనకు దొరకదు, కానీ వెలుతురు లోంచి దూరే కాగితం చేసుకోవచ్చు, అది కూడా మన సీమ వేరుశనగ నూనెతోనే.

పదిహేను మంది పిల్లలకు ఏం కావాలంటే, డ్రాయింగ్ కాగితాలు ఇరవై, స్కెచ్ పెన్నులు నాలుగు సెట్లు, కత్తెరలు ఆరు, చీపురుపుల్లలు, సూదులు, లావు దారం, గిన్నెలో కొంచెం నూనె, దూది, పాత పేపర్లు, ఒక తెల్ల పంచె, ఒక ఎల్ఈడీ బల్బు. కత్తెరలు పదిహేను పెట్టొద్దు. ఆరు ఉంటేనే ఒకరు కత్తిరిస్తుంటే ఇంకొకరు పట్టుకుంటారు, మాట్లాడుకుంటారు.

మొదటి రోజు జానపద కథ ఒకటి చదవండి. పాత్రలెవరో బోర్డు మీద రాసి పంచుకోమనండి. బొమ్మను పక్క నుంచి చూసినట్టు గీయాలి, ఒక కన్ను, ఒక ముక్కు, చాచిన చెయ్యి. తోలుబొమ్మల తీరే అది, పైగా నీడలో ముక్కూ గడ్డం తెలిసేది అప్పుడే. ఒంటిని ఒక ముక్కగా, కదిలే చేతిని ఇంకో ముక్కగా గీయించండి. అరచెయ్యంత చిన్న బొమ్మ తెర మీద తేలిపోతుంది, జానెడు ఉండాలి. నూనె కంటే ముందే రంగు వేయాలి, నూనె పట్టిన కాగితం మీద స్కెచ్ పెన్ను పారదు. మొదటిసారి నేను వరస తప్పి పదిహేను మంది పిల్లల సాయంత్రం పాడుచేశాను. రంగు వేశాక నగలు, అంచులు ఉన్నచోట్ల సూదితో పొడిస్తే తెర మీద చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి. తర్వాత కత్తిరించి, దూదితో వెనకవైపు నూనె పలచగా రాసి, మిగిలింది తుడిచి, పాత పేపర్ల మధ్య పెట్టి రాత్రంతా బరువు పెట్టండి. పెన్నుల రంగు కారుతుందేమో ముందే ఒక ముక్క మీద చూసుకోండి.

రెండో రోజు చేతిని ఒంటికి అతకాలి. రెండు ముక్కలూ కలిపి సూది గుచ్చి, దారానికి అటూ ఇటూ లావు ముడి వేస్తే చెయ్యి ఊగుతుంది. చీపురుపుల్లకు గమ్ము పనిచేయదు, నూనె కదా. దారంతో రెండుచోట్ల కుట్టేయండి, సూది పని పెద్దపిల్లలకు ఇవ్వండి. గుమ్మానికి పంచె బిగించి కట్టి, వెనక రెండు మూడు అడుగుల దూరంలో బల్బు పెట్టండి. పాతకాలం వేడి బల్బు నూనె కాగితం దగ్గర పెట్టకండి, ఎల్ఈడీనే. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే రంగుతో సహా కనిపిస్తుంది, వెనక్కి లాగితే మసకగా పెరుగుతుంది. దయ్యాన్ని ఎలా చూపించాలో పిల్లలకు చెప్పనక్కర్లేదు, రెండు నిమిషాల్లో కనిపెడతారు.

ఆట ఆడేముందు పుస్తకం మళ్లీ తీస్తారు, ఎందుకంటే మాటలు గుర్తుండవు. చదవడం రాదనుకున్న ఒక పిల్లాడు రాజు మాటలు నాలుగు వాక్యాలు పట్టుబట్టి చదువుకున్నది నేను ఆ తెర వెనకే చూశాను. ఈ పనికి ఇంతసేపు చెప్పింది అందుకే.

రెండోది ఒక్క కాగితం పుస్తకం. ఖర్చు లేదు, నలభై నిమిషాల పని. ఏ4 కాగితాన్ని ప్రతిసారీ పొడుగు వైపు సగం చేస్తూ మూడుసార్లు మడవండి. విప్పితే ఎనిమిది గళ్లు. మళ్లీ మొదటి మడత ఒక్కటే మడిచి, మడత ఉన్న వైపు నుంచి మధ్య గీత మీదుగా ఒక గడి దాకా మాత్రమే కత్తిరించండి. పూర్తిగా విప్పి, పొడవునా రెండుగా మడిచి, రెండు చివరలూ పట్టుకుని లోపలికి నెట్టండి. మధ్యలో చీలిక నోరు తెరుస్తుంది, ఇంకా నెడితే నాలుగు రెక్కలవుతుంది. ఒక పక్కకు తిప్పి నొక్కితే పుస్తకం. ముందు అట్ట, వెనక అట్ట, లోపల ఆరు పేజీలు. నేను చెప్పింది అర్థం కాకపోతే మీరొక పాత పేపరు తీసుకుని చేసి చూడండి, చేతికి తెలుస్తుంది.

ఆరు పేజీల్లో ఏం రాయాలి? మేం కలివికోడితో మొదలుపెట్టాం. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986లో మన జిల్లాలోనే, లంకమల దగ్గర రెడ్డిపల్లి పొదల్లో మళ్లీ కనిపించింది. రాత్రిపూట తిరిగే పక్షి. ఎర్రచందనం సంగతి అందరికీ తెలుసు, కలివికోడి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ముందు పక్షుల పుస్తకం చూపించి, ఈ కథ చెప్పి, పేజీకి ఒక బొమ్మ, ఒక వాక్యం రాయమన్నాం. తర్వాతి వారం "మా అవ్వ చేసే ఒక వంట" అన్నాం. సంగటి ముద్ద మీద తొమ్మిది పుస్తకాలొచ్చాయి, ఏ రెండింటిలో కొలత ఒకటి కాదు.

ఆ పుస్తకాలకు నంబర్లు వేసి, రంగు చుక్క అంటించి, వేరే రిజిస్టర్‌లో రచయిత పేరుతో ఎక్కించి అరలో పెట్టాం. రచయితే వచ్చి తన పుస్తకం ఎవరు తీసుకెళ్లారో నోటుబుక్కులో చూసుకుంటాడు. అమ్మను, అవ్వను తీసుకొచ్చి చూపిస్తాడు. పిల్లల్ని తల్లిదండ్రులు గ్రంథాలయానికి తేవడం కాదు, తల్లిదండ్రుల్ని పిల్లలు తేవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆరో అడుగు: అవార్డులను వాడుకోవడం, ఒకటి మీరే ఇవ్వడం

అమెరికాలో పిల్లల పుస్తకాలకు 1922 నుంచి న్యూబరీ పతకం, 1938 నుంచి బొమ్మల పుస్తకాలకు కాల్డెకాట్ పతకం ఇస్తున్నారు. రెండూ ఇచ్చేది అక్కడి లైబ్రేరియన్ల సంఘమే. ఆ పతకం గుర్తు అట్ట మీద ఉంటే లైబ్రరీలు ఆ పుస్తకాన్ని ముందు వరుసలో పెడతాయి. మనకు కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం ఉంది. 2010లో మొదలైంది, 24 భాషలకు, ఒక్కొక్కరికి 50 వేల రూపాయలు. తెలుగులో 2014లో "ఆనందం" కథలకు పురస్కారం అందుకున్న దాసరి వెంకటరమణ కర్నూలు జిల్లావారు. 2023లో "వజ్రాల వాన"కు అందుకున్న డి.కె. చదువులబాబు మన ప్రొద్దుటూరు వారే. ఈ సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడు వచ్చిన మొదటి ప్రశ్న, "ఆయన మన బస్టాండు దగ్గరికి వస్తారా?"

అవార్డు పుస్తకాలు ప్రతి ఏడాదివీ తెప్పించి ఒక తాడు మీద వరసగా పెట్టండి. పత్రికల్లో, ప్రచురణకర్తల జాబితాల్లో పేర్లు చూసి వెంటనే ఆర్డర్ చేయండి, కొన్ని త్వరగా దొరకకుండా పోతాయి. అయితే ఒక హెచ్చరిక. ఆ పురస్కారాలు నిర్ణయించేది పెద్దవాళ్లు. పెద్దలకు నచ్చింది పిల్లలకు నచ్చాలని లేదు. తాడు మీదినుంచి దిగని అవార్డు పుస్తకాలూ ఉన్నాయి, పేర్లు చెప్పను.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది "ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు బహుమతి" అని పెట్టాను. రెండు వారాల్లో పిల్లలు పలచని పుస్తకాలే ఏరుకోవడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి రోజుకు నాలుగు తీసుకెళ్లి నాలుగూ తెచ్చేది. ఒక కథ గురించి అడిగితే ఏడ్చింది. అప్పుడు అర్థమైంది, బహుమతి ఇవ్వాల్సింది చదివిన పిల్లకు కాదు, నచ్చిన పుస్తకానికి. మరుసటి ఏడాది నుంచి మా గ్రంథాలయంలో పిల్లలే పుస్తకానికి అవార్డు ఇస్తున్నారు. ఇలా చేయండి.

ఆగస్టు 12, రంగనాథన్ పుట్టినరోజు, జాతీయ లైబ్రేరియన్ల దినం. ఆ రోజు ఆరు పుస్తకాలు పోటీలో నిలబెట్టండి. ఆ ఏడాది ఎక్కువసార్లు ఇంటికెళ్లినవి మూడు నోటుబుక్కు చూసి తీయండి, మిగతా మూడు మీకు నచ్చి, ఎవరూ ముట్టనివి. ఒక్కోటి రెండు ప్రతులైనా ఉండాలి, లేకపోతే చివరి వారంలో కొట్లాటలే. ఓటు వేయాలంటే ఆరింటిలో నాలుగైనా చదివి ఉండాలి, లేదా ఎవరైనా చదువుతుంటే విని ఉండాలి. విన్నదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే చిన్నవాళ్లకూ, ఇంకా చదవడం పట్టుబడనివాళ్లకూ ఓటు లేకుండా పోతుంది. చదివిందో లేదో పరీక్ష పెట్టొద్దు, "నీకు గుర్తున్న బొమ్మ ఒకటి చెప్పు" అంటే చాలు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఎలాగూ వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు ఉంటాయి. వాటి పక్కన 14న ఓటింగు పెట్టండి. బ్యాలెట్ మీద ఆరు పుస్తకాల అట్టల చిన్న బొమ్మలు, పక్కన గడి. మూలన అట్టపెట్టెతో ఓటు గది. వేలికి స్కెచ్ పెన్ను సిరా. ఇదంతా పిల్లలు ఎంత సీరియస్‌గా చేస్తారంటే, మా దగ్గర తొమ్మిదేళ్ల పోలింగు అధికారి సొంత చెల్లెల్ని మూడే పుస్తకాలు చదివావని వెనక్కి పంపాడు. ఆ పాప సాయంత్రానికి నాలుగోది వినిపించుకుని వచ్చింది.

పెద్దవాళ్లు ఓటు వేయకూడదు, మీరు కూడా. వారోత్సవాలకు వచ్చే అతిథులు "ఈ పుస్తకానికి ఇవ్వొచ్చు కదమ్మా" అంటారు, నవ్వి ఊరుకోండి. ఒకసారి గెలిచిన పుస్తకం నాకు అస్సలు నచ్చనిది, అపానవాయువు మీద జోకుల పుస్తకం. పతకం దానికే ఇచ్చాం.

20న లెక్కింపు, అందరి ముందు, బోర్డు మీద గీతలు గీస్తూ. పతకం పిల్లలే చేస్తారు. చాక్లెట్ల బంగారు రేకు దాచిపెట్టి, గుండ్రటి అట్టముక్క మీద గోటితో నునుపుగా రుద్ది, మొద్దు పెన్సిలుతో వెనకనుంచి నొక్కి అక్షరాలు తేలుస్తారు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల బంగారానికి పేరు పెట్టడం కష్టమా, మా పతకం పేరు "916". ఆ చిన్న పతకాన్ని గెలిచిన పుస్తకం అట్ట మీద అంటిస్తాం, ప్రచురణకర్తకు పిల్లలు ఉత్తరం రాస్తారు. ఎందుకు నచ్చిందో ఒక వాక్యమైనా ఉండాలని మాత్రం చెప్తాం. జవాబు వచ్చినా రాకపోయినా ఉత్తరం నకలు గోడకు అంటించండి.

మరమ్మతు, లెక్కలు, జాగ్రత్తలు

నెలకొక ఆదివారం పుస్తకాల ఆసుపత్రి. చిరిగిన పేజీకి మామూలు సెల్లోటేపు వేయకండి, ఏడాదికి పసుపెక్కి ఊడి అక్షరాల్ని కూడా పీకుతుంది. పలచని టిష్యూ కాగితం సన్నగా చీల్చి, మైదా ఉడికించిన జిగురుతో అతికించి, పైన ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి బరువు పెట్టండి. బైండర్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. పిల్లల పుస్తకాలకు అది వద్దు, వేళ్లు నోట్లో పెట్టుకుంటారు, అది విషం. జిగురు ఎప్పటికప్పుడు కొంచెమే చేసుకోండి.

పిల్లలు ఉన్న గది తలుపు తెరిచే ఉండాలి, ఇద్దరు పెద్దవాళ్లైనా ఉండాలి. చీకటి పడ్డాక చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపొద్దు. ఫొటోలు ఇంట్లోవాళ్లను అడక్కుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కార్యక్రమాలు పెట్టకండి, మన ఎండలు తెలిసినవే. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి పదిన్నరకు ముగించండి, కుండ నీళ్లు పెట్టండి.

లెక్కలు రెండే రాయండి. ఏ పుస్తకం ఎన్నిసార్లు వెళ్లింది, ఎంత ఖర్చయింది. వచ్చిన పిల్లల సంఖ్య కూడా రాయమంటారు, రాయండి, కానీ దాన్ని పట్టుకుని వేలాడకండి. పరీక్షలప్పుడు ముగ్గురే వస్తారు.

మార్చిలో అరలన్నీ దించి చూస్తాం. అట్ట ఊడినవి, మూలలు అరిగినవి, పేజీలు జిడ్డు పట్టినవి ఒక పక్క. కొత్తగా మెరుస్తున్నవి ఇంకో పక్క. వచ్చే ఏడాది కొనాల్సిన జాబితా మొదటి కుప్ప చూసి రాస్తాం. అవే మళ్లీ రెండేసి ప్రతులు. రెండో కుప్పలోవి ఇంకో ఆర్నెల్లు తాడు మీద వేలాడదీస్తాం, అప్పటికీ మెరుస్తూనే ఉంటే వేరే ఊరి గ్రంథాలయంతో మార్చుకుంటాం. పోయినసారి మొదటి కుప్పలో కలివికోడి పుస్తకాలు నాలుగున్నాయి. రాసిన పిల్లల్నే పిలిచి రెండో ముద్రణ వేయమన్నాం.